మొటిమలకు పీల్: సాలిసిలికా, గ్లైకాలికా, మాండెలికా, అసలు వద్దా?

మొదటిసారి స్కిన్ క్లినిక్‌కి వెళ్ళినప్పుడు కౌంటర్‌లో ఒక లామినేషన్ కార్డు చేతికిచ్చారు. దాని నిండా పీల్స్, అంటే ముఖానికి యాసిడ్ పూసి చర్మం పై పొరని రాల్చే వైద్యాలు. సాలిసిలిక్ పీల్, గ్లైకాలిక్ పీల్, మాండెలిక్ పీల్, లాక్టిక్ పీల్, ఎల్లో పీల్, బ్లాక్ పీల్, పార్టీ పీల్. టిఫిన్ సెంటర్లో దోసెల బోర్డులా ఉంది. ప్రతిదాని పక్కనా ఒక రేటు. తెలియని హోటల్లో ఏం చేస్తానో అక్కడా అదే చేశాను: మరీ చవకదీ వద్దు, మరీ ఖరీదుదీ వద్దు అని మధ్యలో ఉన్నదాని మీద వేలు పెట్టాను. ఆ పాపానికి కుడి చెంప మీద ఐదు నెలలు ఒక గోధుమరంగు చార మోశాను. ఆ సంగతి కాస్త ఆగి చెప్తాను.

నేను డాక్టర్‌ని కాను. పదిహేనేళ్ళప్పుడు మొదలైన మొటిమలతో ముప్ఫై దాకా కాపురం చేసి, అందులో మూడేళ్ళు రకరకాల పీల్స్ చూసినదాన్ని. నాకు అర్థమైంది ఏమిటంటే, ఏ పీల్ మంచిది అన్న ప్రశ్న రెండోది. ముఖం మీద ఉన్నదేమిటి అన్నది మొదటిది. అది తేలితే కార్డులో సగం పేర్లు వాటంతట అవే రాలిపోతాయి.

ముందు అద్దం దగ్గరికి

పగటి వెలుతురులో కిటికీ పక్కన నిలబడి ముఖం ఒక పక్కకి తిప్పి చూసుకోండి. ఫోన్ టార్చి పక్కనుంచి వేస్తే ఇంకా బాగా తెలుస్తుంది. మొటిమలు అని మనం ఒకే మాటతో అనేదాంట్లో కనీసం నాలుగు వేరువేరు సంగతులున్నాయి.

ముక్కు, గడ్డం, నుదురు మీద బియ్యపు నూకల్లా చేతికి తగిలేవి, నల్ల చుక్కల్లా కనిపించేవి, మధ్యమధ్యలో చిన్న ఎర్ర పొక్కులు: ఇవి వైట్‌హెడ్స్, బ్లాక్‌హెడ్స్, మామూలు మొటిమలు. పీల్ బాగా పనికొచ్చేది ఇక్కడే. రెండోది, మొటిమ మానిపోతూ వదిలిన మచ్చ. వేలితో తడిమితే చర్మం నున్నగానే ఉంటుంది, రంగే తేడా. దీనికీ పీల్ సాయపడుతుంది. కాకపోతే సన్‌స్క్రీన్ రాసుకోని మనిషి మచ్చలకి పీల్ చేయించుకోవడమంటే ఒక చేత్తో తుడుస్తూ ఇంకో చేత్తో మసి పూసుకోవడమే.

మూడోది గుంట. టార్చి పక్కనుంచి పడితే అందులో నీడ కనిపిస్తుంది. కార్డులో ఉన్న పైపై పీల్స్ ఎన్ని చేయించినా గుంట పూడదు. గుంట పడింది లోపలి పొరలో, ఈ పీల్స్ తాకేది పై పొరని. 'ఆరు సిట్టింగుల్లో గుంటలు మాయం' అని ఎవరైనా చెప్తే లేచి వచ్చేయొచ్చు. నాలుగోది, చర్మం కింద గోలీలా గట్టిగా ఉండి, తలగడ తగిలినా నొప్పి పుట్టే గడ్డ. ఇవి ఉన్నవాళ్ళు పీల్ మాట పక్కనపెట్టి నేరుగా చర్మవైద్యుల దగ్గరికి వెళ్ళాలి. వీటికి సాధారణంగా మాత్రలు కావాలి. పీల్స్ మీద ఆరు నెలలు గడిపేసేలోపు ఇవే గుంటలవుతాయి.

ఇవి కాక మొటిమల వేషంలో వచ్చేవి కొన్ని ఉన్నాయి. నుదుటి మీద, ఛాతీ మీద అన్నీ ఒకే సైజులో లేచి దురద పెడుతుంటే అది చాలాసార్లు ఫంగస్ పని. ఉక్కపోత, చెమట దానికి బలం. దానికి మందు వేరు. తలకి దండిగా నూనె పట్టించి పడుకునేవాళ్ళకి జుట్టు అంచున నుదుటి మీద వచ్చేవాటికి మొదటి వైద్యం ఆ నూనె తగ్గించడం. దవడ, గడ్డం చుట్టూ మొటిమలు, నెలసరి తప్పడం, పై పెదవి మీద వెంట్రుకలు, ఈ మూడూ కలిసి ఉంటే ముందు పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో ఆడవాళ్ళకి వచ్చే సమస్య) సంగతి చూపించుకోవాలి. ఇక రెండు చెంపల మీదా సమానంగా పరుచుకున్న మంగుని మొటిమ మచ్చలనుకుని గట్టి పీల్ చేయించుకుంటే మంగు ఇంకా ముదరొచ్చు.

మన రంగుతో యాసిడ్‌కి పేచీ

చర్మం పైన చనిపోయిన కణాలు ఇంటి పెంకుల్లా ఒకదానిమీద ఒకటి అతుక్కుని ఉంటాయి. పీల్‌లో ఉండే యాసిడ్ ఆ అతుకుని వదులు చేస్తుంది. మూడు నాలుగు రోజుల్లో పై పెంకులు రాలతాయి, రంధ్రాల మూతులు తెరుచుకుంటాయి, రంగు నిండిన కణాలు కొన్ని పోయి కింది నుంచి కొత్తవి వస్తాయి. ఇంతవరకే చేసేవి పైపై పీల్స్. ఇంకా లోపలికి, అసలు చర్మం పొరదాకా వెళ్ళేవి మధ్యస్థం. అంతకన్నా లోతుకి వెళ్ళేవి ఫినాల్ పీల్స్. అవి గుండె లయని కూడా దెబ్బతీయగలవు, అందుకే ఈసీజీ మానిటర్ పెట్టి చేస్తారు. గోధుమరంగు చర్మానికి వాటి జోలే వద్దు.

చర్మం రంగుని, ఎండకి అది ఎలా స్పందిస్తుందన్నదాన్ని బట్టి వైద్యులు ఆరు తరగతులుగా చూస్తారు. దీన్ని 1975లో మొదలుపెట్టింది ఫిట్జ్‌ప్యాట్రిక్ అనే అమెరికా వైద్యుడు. మనలో ఎక్కువమంది నాలుగు, ఐదు తరగతుల్లో పడతాం. ఈ చర్మానికి ముడతలు ఆలస్యంగా వస్తాయి గానీ, దెబ్బ తగిలితే మాత్రం రంగు కక్కుతుంది. దోమ కుట్టిన చోటు, వేడి అట్లకాడ తగిలిన చోటు నెలల తరబడి నల్లగా ఉండిపోవడం మనకి కొత్త కాదు. యాసిడ్ ఎక్కువైనా అంతే. మచ్చ పోగొట్టుకోవడానికి వెళ్ళి మచ్చ తెచ్చుకోవడం అక్కడే జరుగుతుంది.

అందుకని మనకి సరిపడే పద్ధతి, తక్కువ బలంతో మొదలుపెట్టి ఎక్కువసార్లు చేయడం. వీడియోల్లో తెల్లవాళ్ళ ముఖం వారం రోజుల్లో పాము కుబుసంలా ఊడి కింద గులాబీరంగు చర్మం వస్తుంటే చూడ్డానికి బాగానే ఉంటుంది. అలా ఊడితేనే పని చేసినట్టు అనుకోకండి. పైపై పీల్ తర్వాత అస్సలు పొట్టు లేవకపోయినా పని జరగొచ్చు.

శాతం గురించి ఒక మాట. సీసా మీద '30 శాతం' అని ఉంటే బలం ఎంతో తెలిసిపోయిందనుకుంటాం. పీహెచ్ అంటే ద్రవం ఎంత ఆమ్లంగా ఉందో చెప్పే అంకె, అది ఎంత తక్కువైతే ఆమ్లం అంత ఘాటు. ఆ పీహెచ్ తెలియకుండా శాతం సగం సమాచారమే. గ్లైకాలిక్‌లో పీహెచ్ 3.8 దగ్గర సగం యాసిడే చురుగ్గా ఉంటుంది. పీహెచ్ తగ్గేకొద్దీ చురుకైన వాటా పెరుగుతుంది. అంటే ఒకే 30 శాతం సీసాలు రెండు, ఒకటి సాధువు, ఇంకోటి రౌడీ కావచ్చు. ఇంట్లో వాడే గ్లైకాలిక్ లాంటివి 10 శాతం మించకుండా, పీహెచ్ 3.5కి తగ్గకుండా ఉండాలని అమెరికాలో సౌందర్య సాధనాల భద్రత చూసే నిపుణుల బృందం ఎప్పుడో చెప్పింది. కొనేటప్పుడు అది మంచి గీత.

సాలిసిలిక్, గ్లైకాలిక్: అసలు పోటీ

సాలిసిలిక్ ఆస్పిరిన్‌కి దగ్గరి చుట్టం. దీని గొప్పతనమంతా నూనెలో కరగడంలో ఉంది. మొటిమ పుట్టేది జిడ్డు నిండిన రంధ్రంలో. నీళ్ళలో కరిగే యాసిడ్‌లు ఆ జిడ్డు దగ్గర తలుపు తట్టి ఆగిపోతే, ఇది లోపలికి దిగి బిరడాని వదులు చేస్తుంది. పైగా వాపుని తగ్గించే గుణం దీనికి సొంతం.

క్లినిక్‌లో 20 నుంచి 30 శాతం వాడతారు. ముఖం తుడిచి, కళ్ళు, పెదవుల మూలల్లో వాసెలిన్ రాసి, గాజుగుడ్డతో పూస్తారు. మొదటి రెండు నిమిషాలు చీమలు కుట్టినట్టు మంట, ఆ తర్వాత అదే మొద్దుబారుతుంది. ముఖం మీద తెల్లగా ముగ్గుపిండి చల్లినట్టు లేస్తుంది. నేను భయపడి కాలిపోయిందేమో అనుకున్నాను. అది యాసిడ్ పొడిగా మారి మిగిలినది. ఒకసారి అలా గడ్డకట్టాక ఇక లోపలికి పెద్దగా వెళ్ళదు. తనంతట తాను ఆగే పీల్ ఇది. మూడు నుంచి ఐదు నిమిషాల తర్వాత నీళ్ళతో కడిగేస్తారు. చేసేవాళ్ళ చెయ్యి కాస్త అటూ ఇటూ అయినా ప్రమాదం తక్కువ కావడానికి కారణం ఇదే.

గ్లైకాలిక్ చెరకులో ఉండే యాసిడ్. లాక్టిక్, మాండెలిక్ కూడా ఉండే ఏహెచ్‌ఏ అనే జాతి యాసిడ్‌లలో దీని అణువే అన్నిటికన్నా చిన్నది, అణుభారం 76. చిన్నది కాబట్టి వేగంగా దిగుతుంది. దిగడం మొదలుపెడితే తనంతట ఆగదు, వంటసోడా కలిపిన నీళ్ళలాంటి దానితో న్యూట్రలైజ్ చేసి, అంటే యాసిడ్‌ని విరిచి, ఆపాలి. అంటే మీ ముఖానికీ మచ్చకీ మధ్య ఉన్నది ఒక టైమరు, దాన్ని చూసే మనిషి. చర్మం ఎక్కడ పొడిబారి ఉందో, ఎక్కడ ముందురోజు గీరుకుందో అక్కడ ఇంకా వేగంగా లోపలికి పోతుంది. అందుకే ముఖమంతా ఒకేలా పడదు.

నా కథ ఇదే. కార్డు మీద వేలు పెట్టింది గ్లైకాలిక్ మీద. నెల మే. ముఖానికి ముందుగా ఏ తయారీ లేదు, నేరుగా 50 శాతం. పూసిన అమ్మాయికి మధ్యలో ఫోన్ వచ్చింది. నేను 'చెంప మండుతోంది' అన్నాను, 'మండాలి మేడమ్, పనిచేస్తోంది' అంది. కడిగేసరికి కుడి చెంప మీద వేలెడు పొడుగున తెల్లగా పాలిపోయి ఉంది. నాలుగో రోజుకి అది కాఫీరంగు చార అయింది. దీపావళి దాకా పోలేదు. తప్పు గ్లైకాలిక్‌ది అననుగాని, తప్పు జరిగితే క్షమించే గుణం దానికి తక్కువ.

సరిగ్గా చేస్తే మాత్రం గ్లైకాలిక్‌కి సొంత బలం ఉంది. కాంతి లేకుండా మొద్దుబారిన చర్మం, గరుకుదనం, పైపై మచ్చలు, ఇవి ప్రధానమై, చురుకైన మొటిమలు తక్కువగా ఉన్నవాళ్ళకి ఇది నప్పుతుంది. 20 నుంచి 35 శాతంతో, ఒకటి రెండు నిమిషాలతో మొదలుపెట్టి సిట్టింగుకి కాస్త చొప్పున పెంచుకుంటూ పోవాలి.

రెండిటినీ ఒకే ముఖం మీద పోల్చినవాళ్ళు కూడా ఉన్నారు. 2008లో వచ్చిన ఒక అధ్యయనంలో 20 మందికి ముఖం సగం 30 శాతం గ్లైకాలిక్, సగం 30 శాతం సాలిసిలిక్, రెండు వారాలకోసారి ఆరుసార్లు పూశారు. మొటిమలు రెండు వైపులా దాదాపు సమానంగానే తగ్గాయి. ఆపేసిన రెండు నెలల తర్వాత సాలిసిలిక్ వైపు ఫలితం మెరుగ్గా నిలిచింది, ఇబ్బందులూ ఆ వైపే తక్కువ. ఇరవై మందితో ప్రపంచం తేలదు. అయినా నా చెంప కూడా ఓటు వేస్తే అదే వైపు వేస్తుంది.

మాండెలిక్, ఆ జంట పీల్

ముందే ఎవరైనా చెప్పి ఉంటే నేను మొదలుపెట్టేది దీనితోనే. చేదు బాదం నుంచి పుట్టిన యాసిడ్ ఇది. అణుభారం 152, గ్లైకాలిక్‌కి సరిగ్గా రెట్టింపు. లావుపాటి మనిషి జనంలోంచి నడిచినట్టు నెమ్మదిగా, సమానంగా దిగుతుంది. మంట తక్కువ, ఎరుపు తక్కువ, మన రంగు చర్మం మీద నల్లబడే భయం తక్కువ. సున్నితమైన చర్మానికి, మొదటిసారి చేయించుకునేవాళ్ళకి, పీల్ అంటేనే టెన్షన్ పడేవాళ్ళకి ఇది మంచి ఆరంభం. ఒక్కటే లోపం, ఓపిక కావాలి. ఒక సిట్టింగుకి 'అబ్బ, మెరిసిపోతున్నావే' అని ఎవరూ అనరు.

దీన్ని సాలిసిలిక్‌తో కలిపి, 20 శాతం సాలిసిలిక్, 10 శాతం మాండెలిక్‌గా వాడతారు. క్లినిక్కుల్లో సాలి-మాండెలిక్ అంటారు. జిడ్డు రంధ్రంలోకి ఒకటి, పైన రంగు మీద ఇంకొకటి. మొటిమలూ, అవి వదిలిన మచ్చలూ రెండూ కలిసి ఉన్న ముఖం మన దగ్గర చాలా మామూలు. దానికి ఈ జంట బాగా అమరుతుంది. 2009లో మన దేశంలోనే 44 మంది మీద దీన్ని 35 శాతం గ్లైకాలిక్‌తో పోల్చారు. రెండూ పనిచేశాయి, కానీ చురుకైన మొటిమలకీ, నల్ల మచ్చలకీ జంట పీలే ముందుంది, చర్మం కూడా దాన్నే బాగా తట్టుకుంది. మనలాంటి చర్మం మీద చేసిన పోలిక కాబట్టి నాకు దీని మీద కాస్త ఎక్కువ గురి.

మిగతావి గబగబా. లాక్టిక్ నెమ్మదైనది, పొడి చర్మానికి మంచిది. మొటిమల మీద పోరాటానికి మొదటి ఎంపికగా నేను చెప్పను. 'అయితే పెరుగు రాసుకుంటే సరిపోదా' అని మా అమ్మ అడిగింది. పెరుగులో ఉన్నది ఒక శాతానికి అటూ ఇటూ లాక్టిక్ యాసిడ్. ముఖానికి చల్లగా ఉంటుంది, పీల్ పని మాత్రం చేయదు. నిమ్మకాయ మాత్రం వద్దే వద్దు. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కమిలి నల్లబడుతుంది. జెస్నర్ పీల్ అంటే సాలిసిలిక్, లాక్టిక్, రిసార్సినాల్ ఒక్కోటి 14 శాతం కలిపిన ద్రవం. ఎన్ని పూతలు పూశారన్నదాన్ని బట్టి లోతు పెరుగుతుంది, అనుభవమున్న చెయ్యి కావాలి. ఎల్లో పీల్‌లో సాధారణంగా రెటినాల్ జాతి (విటమిన్ ఎ కుటుంబం) మందు ఉంటుంది, పూసుకుని ఇంటికెళ్ళి కొన్ని గంటల తర్వాత కడుక్కోమంటారు. బ్లాక్, పార్టీ లాంటివి అమ్మకపు పేర్లు. లోపల ఏ యాసిడ్, ఎంత శాతం అని అడిగి, ఆ జవాబు మీద నిర్ణయించుకోండి.

టీసీఏ, అంటే ట్రైక్లోరోఅసెటిక్ యాసిడ్, వేరే లెక్క. ఇది చర్మంలోని ప్రొటీన్‌ని గడ్డకట్టిస్తుంది. ముఖమంతా గట్టి టీసీఏ మన రంగుకి రిస్కు. కానీ సూదితో పొడిచినట్టుండే సన్నటి లోతు గుంటలకి ఒక ఉపయోగముంది: 65 నుంచి 100 శాతం టీసీఏని పుల్ల మొనతో ఆ గుంట లోపల మాత్రమే పెడతారు. 2002లో కొరియా వైద్యులు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి, క్రాస్ అంటారు. వెడల్పు గుంటలకి సబ్‌సిషన్ (గుంటని కిందికి లాగే పోగుల్ని చర్మం కింద సూదితో తెంపడం), మైక్రోనీడ్లింగ్ (సన్నటి సూదులతో గుచ్చడం), లేజర్ వంటివి ఉన్నాయి. ఇవన్నీ చర్మవైద్యుల చేతిలో జరగాల్సినవి, అదీ కొత్త మొటిమలు రావడం ఆగాక.

అసలు పీల్ కావాలా

ఈ ప్రశ్న మొదట్లోనే అడగాలి గానీ, కార్డు చేతిలో పెట్టినవాళ్ళు ఎందుకడుగుతారు. మొటిమల వైద్యంలో అన్నం మందులు, పీల్ పక్కన అప్పడం. అమెరికా చర్మవైద్యుల అకాడమీ 2024లో మొటిమల మీద కొత్త మార్గదర్శకాలు తెచ్చింది. బెంజాయిల్ పెరాక్సైడ్, అడాపలీన్ లాంటి రెటినాయిడ్ క్రీములు, అవసరమైతే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్, తీవ్రమైతే ఐసోట్రెటినాయిన్ మాత్రలు, వీటిని గట్టిగా సిఫారసు చేసింది. కెమికల్ పీల్స్ దగ్గరికొచ్చేసరికి, సిఫారసు చేయడానికి సరిపడా ఆధారాలు లేవని చెప్పి వదిలేసింది. పనికిరావని దీనర్థం కాదు. పీల్స్ మీద జరిగినవన్నీ చిన్న చిన్న అధ్యయనాలు, అంతే.

డబ్బు లెక్క చూద్దాం. హైదరాబాద్‌లో నేను సిట్టింగుకి రెండు వేలు కట్టాను. ఆరు సిట్టింగులకి పన్నెండు వేలు, పైన ఆటోలు. అడాపలీన్ జెల్ ట్యూబు, బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం ట్యూబు, ఒక మామూలు మాయిశ్చరైజర్, ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్, ఇవన్నీ కలిపి మూడు నెలలకి దాంట్లో నాలుగో వంతు కాలేదు. డాక్టర్ రాసిచ్చి, రాత్రిపూట శనగగింజంత అడాపలీన్ ముఖమంతా పలచగా రాసుకోవడం మొదలుపెట్టాక, ఎనిమిది నుంచి పన్నెండు వారాలు ఆగితేగానీ ఫలితం చెప్పలేం. మొదటి నెల ముఖం ఇంకా పొక్కుతుంది కూడా. చాలామంది ఆ నెలలోనే మందు పారేసి పీల్‌కి పరిగెడతారు. నేను రెండుసార్లు పారేశాను.

కాబట్టి నా వరస ఇది. మొటిమలు కొత్తగా మొదలైతే మూడు నెలలు మందులు. మందులతో సగం తగ్గి, బ్లాక్‌హెడ్స్ మొండికేస్తే, లేదా మచ్చలు తొందరగా తేలిపోవాలంటే, మందులు ఆపకుండా సాలిసిలిక్ లేదా సాలి-మాండెలిక్ పీల్ కలపడం. గర్భంతో ఉండి అడాపలీన్ వాడకూడనివాళ్ళకి అజెలాయిక్ యాసిడ్ క్రీము గురించి డాక్టర్‌ని అడగొచ్చు. అది మొటిమకీ మచ్చకీ రెండిటికీ పనిచేస్తుంది. డబ్బు చాలకపోతే పీల్ మానేసినా పెద్దగా పోయేదేం లేదు, సన్‌స్క్రీన్ మానేస్తే మాత్రం పోతుంది. ఉస్మానియా, గాంధీ, విశాఖ కేజీహెచ్ లాంటి ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో చర్మ విభాగం ఓపీ ఉంటుంది. పొద్దున్నే లైన్లో నిలబడే ఓపిక ఉంటే కన్సల్టేషన్ కోసం వందలు పెట్టక్కర్లేదు.

ఇంట్లో చేసుకునే పీల్ సంగతి. 2 శాతం సాలిసిలిక్ ఫేస్‌వాష్, సీరం వంటివి మామూలు వాడకానికే. వాటితో పేచీ లేదు, వారానికి రెండు మూడు రోజులతో మొదలుపెడితే చాలు. ఆన్‌లైన్‌లో సీసాల్లో దొరికే 30, 50, 70 శాతం ద్రవాలు వేరు. ఇలాంటి గట్టి పీల్స్‌ని పర్యవేక్షణ లేకుండా కొనొద్దు, వాడొద్దు అని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 జులైలో హెచ్చరించింది. డల్లాస్‌లో ఉంటున్న మా పిన్ని కూతురు అప్పటికే ఒకటి కొని బాత్రూంలో పెట్టుకుంది. దాన్ని సింకు శుభ్రం చేయడానికి వాడమన్నాను.

పీల్ వద్దే వద్దు అనాల్సినవాళ్ళు

ముందు మన ఊళ్ళలో అన్నిటికన్నా ఎక్కువ కనిపించే సంగతి. మెడికల్ షాపులో 'తెల్లబడే క్రీము' అని అడిగి తెచ్చుకున్న ట్యూబు నెలల తరబడి రాస్తున్నారా? ట్యూబు మీద బీటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసాల్ లాంటి పేరుందేమో చూడండి. అవి స్టెరాయిడ్లు. మొదట్లో ముఖం నిగనిగలాడుతుంది, తర్వాత పలచబడి, ఎర్రబడి, మానేస్తే మంటతో మొటిమలు విరుచుకుపడతాయి. ప్రిస్క్రిప్షన్ లేకుండా ఇవి అమ్మకూడదని 2018లో కేంద్రం నిబంధన బిగించింది. అయినా దొరుకుతూనే ఉన్నాయి. అలా పలచబడిన చర్మం మీద యాసిడ్ పూయిస్తే జరిగేది దారుణం. క్లినిక్‌లో అడక్కపోయినా మీరే ట్యూబు ఫోటో తీసుకెళ్ళి చూపించండి, సిగ్గుపడొద్దు.

ఆస్పిరిన్ పడనివాళ్ళకి సాలిసిలిక్ పడదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు సాలిసిలిక్ పీల్ వాయిదా వేసుకోవాలి. ముఖం, వీపు మొత్తం ఒకే రోజు సాలిసిలిక్ చేయించుకోకూడదు. చర్మం గుండా రక్తంలోకి ఎక్కువగా వెళ్తే చెవుల్లో హోరు, తల తిరగడం వస్తాయి. పెదవి మీద జ్వరపు పొక్కులు తరచూ వచ్చేవాళ్ళు ముందే చెప్తే వైరస్ మందు ఇస్తారు. దెబ్బ తగిలిన చోట చర్మం ఉబ్బి గట్టిపడే గుణం, అంటే కీలాయిడ్, ఉన్నవాళ్ళు ఆ సంగతి దాచొద్దు. ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతుంటే ఆపాక ఆరు నెలలు ఆగాలని పాత నియమం. పైపై పీల్స్‌కి అంత ఆగక్కర్లేదని ఇప్పుడు నిపుణులు అంటున్నారు. ఏదైనా ఆ మాత్ర రాసిన డాక్టర్ చెప్పాల్సిన మాట.

ఎక్కడ చేయించుకోవాలి

పార్లర్లో ఫ్రూట్ పీల్ పేరుతో చేసేవి చాలావరకు బలం లేనివి, డబ్బు తప్ప ఏం పోదు. అదే పార్లర్లో గట్టి గ్లైకాలిక్ పూస్తుంటే మాత్రం లేచి రండి. బోర్డు మీద కాస్మటాలజిస్ట్ అని ఉంటే చాలదు. ఎంబీబీఎస్ తర్వాత ఎండీ డీవీఎల్, డీడీవీఎల్, డీవీడీ లాంటి చర్మవైద్య డిగ్రీ ఉందా, రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఉందా చూసుకోండి. పూసేది అసిస్టెంటే అయినా డాక్టర్ ఆ పూట బిల్డింగులో ఉండాలి.

నేనిప్పుడు అడిగే ప్రశ్నలు: ఏ యాసిడ్, ఎంత శాతం, ఎన్ని నిమిషాలు, ఎలా ఆపుతారు, చెవి వెనక ముందుగా పరీక్షిస్తారా, పీల్‌కి రెండు నుంచి నాలుగు వారాల ముందు నేనేం రాసుకోవాలి. ఆఖరిదానికి 'ఏం అక్కర్లేదు, ఇప్పుడే చేసేద్దాం' అంటే ఆ క్లినిక్ నాకు నప్పదు. ఆరు సిట్టింగుల ప్యాకేజీ డిస్కౌంట్ ఇస్తామన్నా మొదటిది చేయించుకుని, మూడు వారాలు చర్మం ఎలా ఉందో చూసుకుని, అప్పుడే రెండోదానికి డబ్బు కట్టండి. రేటు కాస్త ఎక్కువైనా పర్వాలేదు.

ఎప్పుడు, తర్వాత ఏం

మన దగ్గర మార్చి నుంచి జూన్ దాకా ఎండ సంగతి చెప్పక్కర్లేదు. బైక్ మీద తిరిగే ఉద్యోగమైతే ఆ నెలల్లో పీల్ వద్దు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయి. అడాపలీన్ లాంటివి రాస్తుంటే పీల్‌కి మూడు నుంచి ఏడు రోజుల ముందు ఆపమంటారు. ఆ వారం థ్రెడింగ్, వాక్సింగ్, బ్లీచ్, షేవింగ్ గీతలు ఏవీ ఉండకూడదు.

పీల్ అయిన రోజు ముఖం కాస్త ఎర్రగా, బిగుతుగా ఉంటుంది. రెండో రోజు పొడి. మూడు నుంచి ఐదు రోజుల మధ్య నోటి చుట్టూ, ముక్కు పక్కన పొట్టు లేస్తుంది. గోళ్ళతో లాగాలని చెయ్యి దురద పెడుతుంది, లాగితే అక్కడే మచ్చ. సబ్బు లేని క్లెన్సర్, మాయిశ్చరైజర్, పగలు సన్‌స్క్రీన్, వారం దాకా అంతే. లేతరంగు కలిపిన సన్‌స్క్రీన్లలో ఉండే ఐరన్ ఆక్సైడ్ మామూలు వెలుతురుని కూడా కొంత ఆపుతుంది, మచ్చలున్నవాళ్ళకి అది లాభం. పొక్కులు లేచినా, చీము కనిపించినా, మంట రెండో రోజుకి పెరుగుతున్నా ఆగకుండా డాక్టర్‌కి చూపించాలి.

పెళ్ళిళ్ళ ముందు పీల్ గురించి అందరూ అడుగుతారు. మా చెల్లి పెళ్ళికి పది రోజుల ముందు పీల్ కావాలని పట్టుబట్టింది. పొట్టు లేచేది సరిగ్గా పెళ్ళికూతుర్ని చేసే రోజుకి, దాని మీద నలుగు పెట్టి సున్నిపిండితో రుద్దుతారు, ఆలోచించుకో అన్నాను. మొత్తానికి మూడున్నర నెలల ముందు నుంచి నెలకొకటి చొప్పున మూడు సాలి-మాండెలిక్ చేయించుకుని, ఆఖరిది ముహూర్తానికి ఆరు వారాల ముందే ముగించింది. నలుగు రోజు పెద్దమ్మలందరికీ ముందే చెప్పాం, సున్నిపిండి చేతులకీ కాళ్ళకీ, ముఖానికి చిటికెడు పసుపు తాకించి వదిలేయమని. 'మా కాలంలో ఇవన్నీ లేవమ్మా' అంటూనే వదిలేశారు. ముహూర్తం నాటి పొద్దున గడ్డం మీద ఒక మొటిమ లేచింది. మేకప్ అమ్మాయి దాన్ని రెండు నిమిషాల్లో కన్సీలర్‌తో మూసేసింది.